జపానికి ఫలమిచ్చేది ఏది?

పొద్దున్నే ఫోన్‌లో విష్ణుసహస్రనామం మోగుతూ ఉంటుంది. ఇంట్లో ఎవరి పని వాళ్లు చేసుకుంటూ ఉంటారు. అన్నాలయ్యాక పెద్దావిడ రామకోటి పుస్తకం తీసి రెండు పేజీల గళ్లు నింపుతుంది. సాయంత్రం ఆ ఇంటాయన సంధ్య వార్చి, వేళ్ల కణుపుల మీద గాయత్రి లెక్కపెట్టుకుంటాడు. జాతకంలో శని బాగోలేదంటే పురోహితుడిని పిలిచి పంతొమ్మిది వేల జపం చేయించి, దక్షిణ ఇచ్చి పంపిస్తారు. తెలుగునాట ఇలాంటి ఇల్లు అరుదేమీ కాదు. ఇవన్నీ జపం ఖాతాలోకే వెళ్తాయి. కానీ వీటి వెనక ఉన్న నమ్మకాలు ఒకదానికొకటి పొసగవు. ఎవరూ వినకపోయినా రికార్డు మోగితే మేలంటే శబ్దమే పనిచేస్తుందన్నట్టు. రామకోటికి ఫలం ఉందంటే సంఖ్యకూ ఓపికకూ విలువ కట్టినట్టు. గాయత్రికి ఉపనయనం కావాలంటే మంత్రం ఎవరి నుంచి ఎవరికి అందిందన్నదే ముఖ్యమన్నట్టు. ఒకరు జపిస్తే మరొకరికి శాంతి కలుగుతుందంటే జపించేవాడి మనసుతో పెద్దగా పని లేదన్నట్టు.

వాదాలు చిక్కుపడింది ఇక్కడే. అర్థం తెలియని జపం వృథా అని ఒకరు, అర్థంతో పనేముంది, శబ్దతరంగాలే చాలని ఇంకొకరు, భక్తి ఒక్కటి ఉంటే తక్కినవి అక్కర్లేదని మరొకరు, అంతా మనసు చేసే మాయ అని వేరొకరు అంటారు. ఎవరి చేతిలో ఉన్న శ్లోకం వారిది. ఆ శ్లోకాలు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు ప్రశ్నలకు జవాబుగా పుట్టినవన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఏ పక్షం ఏ ఫలం గురించి మాట్లాడింది, దాన్ని ఇచ్చేదెవరని చెప్పింది అన్న రెండు ప్రశ్నలతో చూస్తే చిక్కు కొంత విడుతుంది.

కౌత్సుడి అభ్యంతరం

మంత్రానికి అర్థం లేదన్న మాట నాస్తికులు మొదలుపెట్టింది కాదు. యాస్కుడి నిరుక్తం మొదటి అధ్యాయంలోనే కౌత్సుడి పేరుతో ఆ వాదం కనిపిస్తుంది. అతని అభ్యంతరాలు ఇవాళ విన్నా పదునుగానే ఉంటాయి. మంత్రంలో మాటల వరస మార్చకూడదు, ఒక పదం తీసి దానికి సమానమైన ఇంకో పదం పెట్టకూడదు. అర్థమే ముఖ్యమైతే ఈ కట్టుబాటు ఎందుకు? ఒకచోట రుద్రుడు ఒక్కడే అంటారు, ఇంకోచోట వేలమంది అంటారు. మూలికను కాపాడమని అడుగుతారు, గొడ్డలిని హింసించవద్దని బతిమాలుతారు. కొన్ని పదాలైతే ఎవరికీ అంతుపట్టవు. యాస్కుడు వీటన్నిటికీ ఓపిగ్గా సమాధానాలు చెప్పాడు: లోకంలో వాడే మాటలే మంత్రంలోనూ ఉన్నాయి, కాబట్టి అర్థమూ ఉంది, తెలియకపోవడం చదివేవాడి లోపం. అర్థం ఎరగకుండా వేదం వల్లించేవాడిని బరువు మోసే స్తంభంతో పోల్చిందీ నిరుక్తమే.

మీమాంసాసూత్రకారుడు జైమిని కూడా ఈ విషయంలో యాస్కుడి పక్షానే నిలిచాడు. యజ్ఞంలో చేయవలసిన పనిని, దానికి సంబంధించిన వస్తువును గుర్తుచేయడమే మంత్రం ప్రయోజనం అన్నాడు. అయితే మీమాంసకుల అసలు సాహసం ఇంకోచోట ఉంది. మంత్రంలో పిలిచే దేవతకు శరీరం లేదు, ఆవిడ వచ్చి హవిస్సు తినదు, ఫలం ఇచ్చేదీ ఆవిడ కాదు అని శబరస్వామి భాష్యంలో బాహాటంగానే వాదించాడు. సక్రమంగా చేసిన కర్మ నుంచి ‘అపూర్వం’ అనే అదృశ్య శక్తి పుడుతుంది, కాలం వచ్చినప్పుడు అదే ఫలంగా మారుతుంది. వేదం మీద ఇంత పట్టుదల ఉన్న శాఖ దేవుడి చేయి లేకుండా మంత్రఫలాన్ని వివరించిందంటే ఇప్పటి భక్తులు నమ్మడం కష్టమే.

బాదరాయణుడు దీన్ని ఒప్పుకోలేదు. బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయంలో జైమిని పేరెత్తి మరీ, ఫలదాత ఈశ్వరుడే అని తేల్చాడు. పండితులు ఆ తీర్పును అంగీకరించినా, ఆచారంలో మీమాంస చావలేదు. పురోహితుడితో చేయించే గ్రహజపాలే దానికి సాక్ష్యం. ఋత్విక్కుల శ్రమను దక్షిణ ఇచ్చి యజమాని కొనుక్కుంటాడు, ఫలం అతనికే చెందుతుంది అన్న మీమాంస సూత్రం లేకపోతే, శనికి పంతొమ్మిది వేలు, రాహువుకు పద్దెనిమిది వేలు అని పంచాంగాల్లో కనిపించే జపసంఖ్యలను ఇంకొకరి చేత పూర్తి చేయించడానికి శాస్త్రాధారం దొరకదు. యోగమార్గంలో దీనికి చోటే లేదు. ఒకరి చిత్తం స్థిమితపడితే మరొకరి చిత్తం ఎలా స్థిమితపడుతుంది?

పతంజలి చెప్పిన రెండు ఫలాలు

జపం వల్ల కలిగే ఆధ్యాత్మిక లాభం గురించి క్లుప్తంగా, స్పష్టంగా మాట్లాడినవాడు పతంజలి. ఈశ్వరుడిని తెలిపే శబ్దం ప్రణవం. దాన్ని జపించాలి, దాని అర్థాన్ని భావన చేయాలి. జపాన్నీ భావననూ ఒకే సూత్రంలో జంటగా కట్టేశాడు. వెంటనే తర్వాతి సూత్రంలో రెండు ఫలాలు చెప్పాడు. ఒకటి, బయటికి పరుగెత్తే చైతన్యం లోపలికి తిరగడం. రెండు, అడ్డంకులు తొలగడం. రోగం, బద్ధకం, సందేహం, భ్రాంతి లాంటివి ఆ అడ్డంకులు. వాటి వెంట వచ్చే లక్షణాల్లో దుఃఖం, ఒంటి వణుకుతో పాటు ఊపిరి క్రమం తప్పడాన్ని కూడా చేర్చాడు. ఈ చివరి మాటతో తర్వాత పని పడుతుంది.

మనుస్మృతి జపానికి ఒక నిచ్చెన వేసింది. విధియజ్ఞం కంటే జపం పదిరెట్లు మేలు. పెదవులు కదిలీ కదలనట్టు, పక్కవాడికి వినపడకుండా చేసే ఉపాంశువు నూరు రెట్లు. మనసులోనే చేసేది వెయ్యి రెట్లు. గీతలో కృష్ణుడు యజ్ఞాల్లో తాను జపయజ్ఞమని చెప్పుకున్నదీ ఈ వరసకు సరిపోతుంది. ఈ లెక్కన నాలుగు వీధులకు వినపడేలా మైకు పెట్టి చేసే జపం కింది మెట్టు మీద ఉంటుంది. నిర్వాహకులు ఈ శ్లోకం ఉదహరించరు, అది వేరే విషయం.

అద్వైతులు జపానికి గౌరవమిచ్చారు, హద్దూ గీశారు. జపం చిత్తాన్ని శుద్ధి చేస్తుంది. మోక్షం మాత్రం జ్ఞానం వల్లనే. ఓంకారాన్ని పూర్తిగా ఉపాసించినవాడు బ్రహ్మలోకానికి వెళ్లి అక్కడి నుంచి క్రమంగా ముక్తి పొందుతాడన్నది ప్రశ్నోపనిషత్తు మీద వాళ్లు ఇచ్చే వివరణ. అయినా శంకరుల పేరుతో ఉన్న విష్ణుసహస్రనామ భాష్యంలో నామకీర్తనను ఎత్తిపట్టిన తీరు చూడదగ్గది. ఇందులో హింస లేదు, ద్రవ్యం అక్కర్లేదు, మరో మనిషి సాయం అక్కర్లేదు, ఫలానా చోటు, ఫలానా వేళ అన్న నియమం లేదు. ఆ కారణాలతో అది తక్కిన ధర్మాల కంటే మిన్న. ఇంత ఆచరణాత్మకమైన సమర్థన మరో గ్రంథంలో కనపడటం అరుదు.

అక్షరమే దేవత

తంత్రశాస్త్రం దగ్గరికి వచ్చేసరికి ప్రశ్నే మారిపోతుంది. ఇక్కడ మంత్రం దేవతను పిలిచే మాట కాదు, దేవత స్వరూపమే. నిఘంటువులో దొరకని హ్రీం, శ్రీం లాంటి బీజాక్షరాలకు అర్థం వెతకడంలో కౌత్సుడు, యాస్కుడు ఇద్దరూ అక్కరకు రారు. భర్తృహరి వాక్యపదీయంలో శబ్దాన్నే బ్రహ్మంగా నిలబెట్టి వేసిన బాట మీద, కాశ్మీర శైవులు, శ్రీవిద్యోపాసకులు ఈ సిద్ధాంతాన్ని చాలా దూరం తీసుకెళ్లారు.

తంత్రంలో జపం ఒంటరిగా ఉండదు. ఋషి, ఛందస్సు, దేవత, బీజం, శక్తి, కీలకం చెప్పుకోవాలి. కరన్యాసం, అంగన్యాసం చేయాలి. మాలలో మేరుపూసను దాటకుండా వెనక్కి తిప్పాలి. చూపుడువేలు పూసకు తగలకూడదు. మంత్రం ‘పట్టాలంటే’ పురశ్చరణ కావాలి. అక్షరలక్ష అన్నది సాధారణ నియమం: ఎన్ని అక్షరాలో అన్ని లక్షలు. పంచాక్షరికి అయిదు లక్షల జపం, అందులో పదో వంతు, అంటే యాభై వేలు హోమం, అందులో పదో వంతు అయిదు వేలు తర్పణం, అయిదువందలు మార్జనం, చివర యాభైమందికి భోజనం. ఇరవై నాలుగు అక్షరాల గాయత్రికి ఇది ఇరవై నాలుగు లక్షల నుంచి మొదలవుతుంది. హోమం జరుపుకోలేనివాడు దానికి బదులుగా మరింత జపం చేయవచ్చన్న వెసులుబాటు ఉంది. ఇన్నిటి కంటే ముందు దీక్ష. గురుముఖతః రాని మంత్రాన్ని పుస్తకంలో చూసి జపిస్తే ఫలం మాట అటుంచి కీడు జరుగుతుందని తంత్రాలు బెదిరిస్తాయి.

ఇదంతా చూసి తంత్రం అంటే శబ్దం, సంఖ్య, నియమం మాత్రమే అనుకుంటే పొరపాటు. శివసూత్రాల్లో రెండో ప్రకరణం చిత్తమే మంత్రమన్న మాటతో మొదలవుతుంది. క్షేమరాజు దానికి వ్యాఖ్య రాస్తూ, మంత్రదేవతతో ఒకటైపోయిన మనసే మంత్రమనీ, ఊరికే పేర్చిన అక్షరాలు కాదనీ చెప్పాడు. పద్దెనిమిదో శతాబ్దపు శ్రీవిద్యాచార్యుడు భాస్కరరాయలు ఇంకా కటువైనవాడు. ఆయన వరివస్యారహస్యంలో పంచదశీ మంత్రానికి పదిహేను రకాల అర్థాలు విప్పాడు. అర్థం తెలియకుండా జపించేవాడిని గట్టిగా మందలించాడు. బీజాక్షరాలకు అర్థం లేదని, వాటి ప్రకంపనే అంతా చేస్తుందని ఈ రోజు శ్రీవిద్య పేరుతో చెబుతున్నవాళ్లు, ఆ సంప్రదాయపు పెద్ద గ్రంథకర్తకు సరిగ్గా ఎదురు మాట్లాడుతున్నారు.

అజామిళుడి వ్యాజ్యం

భాగవతం ఆరో స్కంధంలో అజామిళుడి కథ నిజంగా ఒక వ్యాజ్యం. చచ్చిపోతూ భయంతో కొడుకును నారాయణా అని పిలిచిన పాపిని యమదూతలు లాక్కుపోబోతుంటే విష్ణుదూతలు వచ్చి అడ్డుపడతారు. రెండు పక్షాలూ ధర్మం అంటే ఏమిటో వాదించుకుంటాయి. తెలుగు భాగవతంలో ఈ స్కంధం పోతన రాసింది కాదు, ఏర్చూరి సింగన రాసింది. అయినా కథ మాత్రం పోతన పేరు మీదే జనంలో తిరుగుతుంది. తెలియక పలికినా, వేరొకరిని ఉద్దేశించి పలికినా నామం పాపాన్ని కాలుస్తుందన్నది విష్ణుదూతల వాదం. అధ్యాత్మ రామాయణంలో బోయవాడు మరా మరా అని తిరగేసి జపించి వాల్మీకి అయిన కథదీ ఇదే ధోరణి. వాల్మీకి రామాయణంలో ఆ కథ లేదు.

హరికథల్లో అజామిళోపాఖ్యానం సాధారణంగా ఇక్కడే ఆగిపోతుంది. మూలం ఆగదు. విడుదలైన అజామిళుడు అప్పుడే వైకుంఠం వెళ్లడు. బతికి లేస్తాడు, సిగ్గుపడతాడు, ఇల్లు విడిచి గంగాద్వారం చేరుకుంటాడు, అక్కడ యోగంతో మనసును నిలిపి, ఆ తర్వాత దేహం విడుస్తాడు. నామం అతనికి ఇచ్చింది ముక్తా, లేక ముక్తి కోసం పాటుపడే వ్యవధా? నామవాదులు మొదటిదంటారు, కథను చివరిదాకా చదివితే రెండోదానికీ బలం కనిపిస్తుంది.

మీమాంసకులకు ఈ కథ మింగుడుపడలేదు. మహాపాతకాలకు ఏళ్ల తరబడి వ్రతాలు చెప్పిన స్మృతులు ఉండగా ఒక్క పిలుపుతో పాపం పోతుందంటే ఆ స్మృతులన్నీ దండగేనా? కాబట్టి నామమహిమ పొగడ్త మాత్రమే, అంటే అర్థవాదం అన్నారు. ఈ ప్రశ్నను తర్కంతో ఎదుర్కొన్న గ్రంథం లక్ష్మీధరుడి భగవన్నామకౌముది. పురాణవాక్యాలు పొగడ్తలు కావు, ఉన్నదున్నట్టు చెప్పేవే అని మీమాంసకుల పద్ధతిలోనే వాదించాడు. తంజావూరు సీమలో బోధేంద్ర సరస్వతి, శ్రీధర అయ్యవాళ్ నామసిద్ధాంతాన్ని బలపరిచి భజన సంప్రదాయానికి పునాది వేశారు. భద్రాచల రామదాసు కీర్తనలు, నారాయణతీర్థుల తరంగాలు ఆ భజనల్లో కలిసిపోయాయి.

వంగదేశంలో 1486లో పుట్టిన చైతన్యుడి అనుయాయులు నామాన్ని సాధనంగానే కాక సాధ్యంగానూ చూశారు: నామమూ నామీ ఒకటే. వాళ్లు ఎత్తిచూపే కలిసంతరణోపనిషత్తు, పదహారు నామాల మంత్రానికి శుచిగా ఉన్నా లేకున్నా ఏ విధీ లేదంటుంది. అదే ఉపనిషత్తు మూడున్నర కోట్ల సంఖ్య కూడా చెబుతుంది. మరోపక్క పద్మపురాణం ఆధారంగా పది నామాపరాధాల పట్టీ ఉంది. నామం ఉంది కదా అని పాపం చేయడం అందులో ఒకటి, సరే. నామమహిమను అర్థవాదం అనుకోవడం కూడా అపరాధమేనట. ప్రతివాది వాదాన్నే నేరాల జాబితాలో చేర్చేశారన్నమాట. లక్ష్మీధరుడు చేసినట్టు వాదించి గెలవడం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

శ్రీవైష్ణవం ఈ మొత్తం చర్చను మరో దిక్కు నుంచి చూస్తుంది. అష్టాక్షరి, ద్వయం, చరమశ్లోకం అన్న రహస్యత్రయంలో ప్రధానం అర్థానుసంధానం. పిళ్లై లోకాచార్యుల ముముక్షుప్పడి, వేదాంత దేశికుల రహస్యత్రయసారం పదం పదం విప్పేది అందుకే. జీవుడు భగవంతుడికి చెందినవాడు, స్వతంత్రుడు కాడు, ఆయన సేవే అతనికి పురుషార్థం: అష్టాక్షరి నేర్పేది ఇది. శ్రీవైష్ణవుల్లో తెంగలై శాఖవారి దృష్టిలో ఉపాయం భగవంతుడే కాబట్టి, ఇన్ని వేలు జపించాను కనుక నాకు ఇంత రావాలి అనుకోవడం ఆ మంత్రార్థానికే విరుద్ధం. ప్రపన్నుడికి, అంటే శరణాగతి చేసినవాడికి, మంత్రం మననం చేసుకుంటూ పొద్దుపుచ్చే భోగం, మోక్షానికి కట్టే వెల కాదు. జపఫలం అన్న ప్రశ్ననే ఇంత మర్యాదగా పక్కన పెట్టిన శాఖ ఇంకొకటి లేదు.

ఇంతవరకూ వచ్చినవాటిని పక్కపక్కన పెట్టి చూస్తే: మీమాంసలో ఫలమిచ్చేది కర్మ, కావలసింది క్రమం తప్పని ఉచ్చారణ, ఫలం బదిలీ అవుతుంది. యోగంలో ఫలాన్ని పండించేది జపించేవాడి చిత్తం, బదిలీ కుదరదు. తంత్రంలో మంత్రశక్తి, దాన్ని మేల్కొలిపే గురువు; దీక్ష తప్పనిసరి. నామసిద్ధాంతంలో నామమే అన్నీ. దీక్ష, శుచి, చివరికి ఉద్దేశం కూడా ఐచ్ఛికం. శ్రీవైష్ణవంలో భగవంతుడి కృప. జపం దానికి కారణం కాదు. శబ్దమా అర్థమా అన్న పేచీ పైకి కనిపించేది; లోపలి పేచీ పని చేసేదెవరు అన్నదాని మీద. అందుకే ఒక శాఖ వాక్యంతో మరో శాఖను ఓడించబోయిన వాదాలు ఎక్కడా ముగియవు.

అంకెల సంగతి

ఇన్ని విభేదాలున్నా ఆచరణలో అందరినీ కలిపింది సంఖ్య. నూట ఎనిమిది పూసలు, లక్ష, కోటి. రామకోటి పుస్తకం చేతిలోకి తీసుకుంటే ఇది కళ్లకు కడుతుంది. పేజీ నిండా చిన్నచిన్న గళ్లు, గడికొక శ్రీరామ, అడుగున మొత్తం వేసుకోవడానికి చోటు. రోజుకు వెయ్యి రాసినా కోటి పూర్తికావడానికి పదివేల రోజులు, అంటే ఇరవై ఏడేళ్లు దాటుతుంది. కోడలిగా మొదలుపెట్టినావిడ అమ్మమ్మ అయ్యాక ముగిస్తుంది. నింపిన పుస్తకాలు మూటగట్టి భద్రాచలం చేరుస్తారు. ఈ పనిలో శబ్దం లేదు, దీక్ష లేదు, న్యాసం లేదు. అర్థభావన ఉందో లేదో రాసేవారికే తెలియాలి. శాస్త్రగ్రంథాలేవీ ముందుగా ఊహించని సాధన ఇది. మగవాళ్ల ఉపనయన గాయత్రికి దూరంగా ఉంచిన ఆడవాళ్లు తమకంటూ నిలబెట్టుకున్న పురశ్చరణగా దీన్ని చూస్తే, ఆ గళ్ల విలువ బోధపడుతుంది.

త్యాగరాజస్వామి ఇరవై ఒక్క ఏళ్లలో తొంభై ఆరు కోట్ల రామనామం పూర్తి చేశారని సంప్రదాయం. భాగించి చూస్తే రోజుకు సుమారు లక్షా పాతికవేలు. రోజుకున్న సెకన్లు 86,400. సెకనుకు రెండు నామాల చొప్పున చెప్పినా పదిహేడు గంటలకు పైగా పడుతుంది; ఇక కృతులు కట్టిందెప్పుడు, శిష్యులకు నేర్పిందెప్పుడు, ఉంఛవృత్తికి వెళ్లిందెప్పుడు? చైతన్యుడి అనుయాయి హరిదాస ఠాకూరు రోజుకు మూడు లక్షల నామాలు చెప్పేవాడన్న కథనమూ ఈ కోవలోదే. వీటిని జమాఖర్చుల్లా చదివితే సంప్రదాయాన్ని అబద్ధం చేసినట్టవుతుంది. నోరు మాటలకు పోయినా లోపల నామం తెగలేదని చెప్పడానికి వాడిన సంఖ్యలుగా చదివితే సరిపోతుంది. అలా చదవడం సమంజసమనే ఈ వ్యాసకర్త అభిప్రాయం. అయితే అలా చదివితే, కలియుగంలో చెప్పిన జపసంఖ్యకు నాలుగింతలు చేయాలి లాంటి కచ్చితమైన లెక్కల బలం కూడా కొంత సడలుతుంది. ఒక అంకెను అలంకారమనీ ఇంకో అంకెను విధి అనీ ఎలా విడదీయాలో ఎవరూ తృప్తికరంగా చెప్పలేదు.

లోపలి విమర్శకులు

వేమన పద్యాల్లో మనసు నిలవని పూజకు దొరికిన ఎత్తిపొడుపులు తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 1875లో ఆర్యసమాజం స్థాపించిన దయానంద సరస్వతి సత్యార్థప్రకాశంలో నామస్మరణ ఒక్కదానితోనే ఏ ఫలమూ రాదన్నాడు. పటికబెల్లం పటికబెల్లం అన్నంత మాత్రాన నోరు తీపెక్కదు కదా అన్నది ఆయన ఆక్షేపణ. పేరులోని గుణాన్ని తన నడతలోకి తెచ్చుకోవడమే ఆయన లెక్కలో స్మరణ. మంత్రాన్ని ఆయన కాదనలేదు. గాయత్రిని కొద్దిమంది సొత్తు కాకుండా చేసింది ఆయన ఉద్యమమే.

వీళ్లకంటే మెత్తగా, లోతుగా దెబ్బ కొట్టింది రమణ మహర్షి. బొబ్బిలి దగ్గర కలువరాయిలో 1878లో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని చిన్నప్పటి నుంచి మంత్రజపంలో మునిగినవాడు, పంచాక్షరి కోట్లలో చేసినవాడు. తపస్సంటే ఏమిటో తనకు ఇంకా తెలియలేదంటూ 1907 నవంబరు 18న అరుణాచలం కొండెక్కి, విరూపాక్ష గుహలో ఉన్న యువస్వామి కాళ్లు పట్టుకున్నాడు. నేను అన్నది ఎక్కడి నుంచి పుడుతోందో చూస్తే మనసు అక్కడే లీనమవుతుంది, జపం చేసేటప్పుడు మంత్రనాదం ఎక్కడ పుడుతోందో చూసినా అంతే, అదే తపస్సు అని జవాబు వచ్చింది. ఆ స్వామికి రమణ మహర్షి అన్న పేరు పెట్టింది గణపతి మునే. జపాన్ని తీసేయకుండా, దాని దృష్టిని ముందుకు కాక వెనక్కి తిప్పిన మాట అది. చైతన్యం లోపలికి తిరగడం అన్న పతంజలి మొదటి ఫలానికి ఇంతకంటే దగ్గరగా వచ్చిన ఆధునిక వ్యాఖ్య కనపడదు. మంత్రానికి అర్థం లేదా అని ఇక్కడ ఎవరూ అడగలేదు, సంఖ్య ఎంత అనీ అడగలేదు.

ప్రయోగశాల ఏం కొలిచింది

గత యాభై ఏళ్లలో ఈ వాదంలోకి సైన్స్ అనే కొత్త కక్షిదారు వచ్చింది. మహేశ్ యోగి భావాతీత ధ్యానం మీద 1970లో సైన్స్ పత్రికలో వాలెస్ వ్యాసం వచ్చింది. వాలెస్‌తో పనిచేసిన హార్వర్డ్ వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ 1975లో తన పుస్తకంలో ఇంకో అడుగు వేశాడు: ప్రత్యేక మంత్రమేదీ అక్కర్లేదు, ఒకటి అన్న అంకెను మెల్లగా మననం చేసినా ఒళ్లు అలాగే సేదదీరుతుంది. 2001లో లూచియానో బెర్నార్డి బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనం 23 మంది ఆరోగ్యవంతుల మీద జరిగింది. లాటిన్‌లో క్రైస్తవ జపమాల ప్రార్థన, బౌద్ధుల ఓం మణి పద్మే హుం, రెండూ ఊపిరిని నిమిషానికి ఆరుసార్ల దగ్గరకు తెచ్చాయి; గుండె, రక్తపోటు లయలు దానితో కలిసి నడిచాయి. బెంగళూరు నిమ్హాన్స్ పరిశోధకులు 2011లో ఓంకారం పలికేటప్పుడు మెదడులో భావోద్వేగాలకు సంబంధించిన భాగాలు నెమ్మదించాయని ఒక చిన్న అధ్యయనంలో చూపించారు.

వీటిని పట్టుకుని మంత్రశక్తి సైన్స్‌తో రుజువైందని ప్రచారం చేసేవారు ఒక సంగతి గమనించడం లేదు. బెర్నార్డిని సాక్షిగా పిలిస్తే, మేరీమాత ప్రార్థన కూడా అంతే పని చేసిందని అతను చెబుతాడు. బెన్సన్‌ను పిలిస్తే మంత్రమే అక్కర్లేదంటాడు. అక్షరవిశేషం, దీక్ష, దేవత, అన్నీ ఆ సాక్ష్యంలో కొట్టుకుపోతాయి. పోనీ ఇవన్నీ ఉత్తవేనా అంటే అదీ కాదు. ఊపిరి క్రమం తప్పడం చిత్తవిక్షేపానికి తోడుగా వస్తుందనీ, జపంతో అది పోతుందనీ పతంజలి ముందే రాశాడు. ప్రయోగశాల కొలిచింది ఆయన చెప్పిన రెండో ఫలాన్ని. మొదటిదాన్ని కొలిచే పరికరం దాని దగ్గర లేదు. ఉందని అది అనలేదు కూడా.

మంత్రాన్ని మతం నుంచి విడదీయవచ్చా అన్నది అమెరికాలో కోర్టుకెక్కింది. న్యూజెర్సీ ప్రభుత్వ పాఠశాలల్లో భావాతీత ధ్యానం నేర్పడం మతబోధ కిందికే వస్తుందని 1979లో అప్పీలు కోర్టు కింది తీర్పును ఖాయం చేసింది. మంత్రం ఇచ్చే ముందు విద్యార్థుల ఎదుట జరిపే సంస్కృత గురుపూజ ఆ కేసులో కీలకమైంది. మతంతో సంబంధం లేని పద్ధతి అని చెప్పుకున్నవాళ్లు కూడా మంత్రాన్ని గురుపూజ లేకుండా చేతిలో పెట్టలేకపోయారు.

ఇంకోవైపు నుంచి ఫ్రిట్స్ స్టాల్ వచ్చాడు. 1975లో కేరళలోని పాంజాళ్‌లో నంబూద్రిలు చేసిన అగ్నిచయనాన్ని దగ్గరుండి చిత్రీకరించిన ఈ డచ్ పండితుడు, మంత్రాలు భాష కాదు, నియమాలున్నా అర్థం లేని ధ్వనులు, పక్షుల పాటకు దగ్గరివి అన్నాడు. కౌత్సుడికి రెండున్నర వేల ఏళ్ల తర్వాత దొరికిన శిష్యుడని కొందరు నవ్వారు. తేడా ఉంది. కౌత్సుడు నిరుక్తశాస్త్రం అక్కర్లేదన్నాడే గాని మంత్రం పనిచేయదనలేదు. స్టాల్‌కు ఎదురుగా, మంత్రం పలకడమే ఒక పని చేయడం, ప్రమాణం చేసినట్టు, ఆహ్వానించినట్టు అని వాదించినవాళ్ల వ్యాసాలు 1989లో హార్వే ఆల్పర్ సంపాదకత్వంలో వచ్చిన సంపుటంలో ఉన్నాయి. యజ్ఞమంత్రాలకు ఆ వాదం బాగానే అతుకుతుంది. ఇంట్లో ఒంటరిగా, ఎవరినీ ఆహ్వానించకుండా లక్షసార్లు తిప్పే నామానికి అంతగా అతకదు.

తేలనివి

అధికారం ఎవరిది అన్నది పాత ప్రశ్నే. తిరుక్కోష్టియూరులో గురువు రహస్యంగా ఇచ్చిన మంత్రాన్ని రామానుజులు గోపురమెక్కి అందరికీ చాటారన్న కథ ప్రచారంలో ఉన్నా, శ్రీవైష్ణవులు మంత్రోపదేశాన్ని ఇప్పటికీ పంచసంస్కారాల్లో భాగంగానే ఇస్తారు. వీరశైవం లింగదీక్షతో ఆడవారికీ పంచాక్షరి ఇచ్చింది. గాయత్రిని స్త్రీలకు ఆర్యసమాజం, ఆ తర్వాత శ్రీరామశర్మ ఆచార్యుల గాయత్రీ పరివారం ఇచ్చాయి; ఛాందస పీఠాలు ఒప్పుకోలేదు. ఈలోగా క్యాసెట్ వచ్చింది, సెల్‌ఫోన్ వచ్చింది, గాయత్రి రింగ్‌టోన్ అయింది. దీక్ష లేని మంత్రం పనిచేయదన్న తంత్రం మాట నిజమైతే ఇది వట్టి సంగీతం. వినికిడి ఎలా కలిగినా నామం పనిచేస్తుందన్న భాగవతుల మాట నిజమైతే ఇది పెద్ద ఉపకారం. సహస్రనామానికి రెండో మాట, బీజమంత్రాలకు మొదటి మాట వర్తింపజేసి కొందరు రాజీ కుదురుస్తారు. గాయత్రిని ఏ గూటిలో పెట్టాలో ఆ రాజీ చెప్పదు.

సామూహిక కోటిజపాలది మరో చిక్కు. పదివేలమంది తలా వెయ్యి చేసి, సంఖ్యలను యాప్‌లో నమోదుచేసి, కోటి పూర్తయిందని ప్రకటిస్తారు. ఆ కోటి ఎవరిది? యోగం ప్రకారం ఎవరి వెయ్యి వారిది, కోటి అన్నదే లేదు. పురశ్చరణ నియమం ప్రకారం ఒక్కరిదీ పూర్తికాలేదు. దీనికి దగ్గరి పోలిక మీమాంసకుల దగ్గరే ఉంది. సత్రయాగంలో పాల్గొన్న ప్రతివాడూ యజమానే, ప్రతివాడికీ పూర్తి ఫలం దక్కుతుంది. కానీ సత్రానికి కనీసం పదిహేడుమంది, మించితే ఇరవై నాలుగుమంది. అందరూ దీక్ష పట్టి, ఒకేచోట కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా కలిసి చేయాలి. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు దేశాల్లో, ఖాళీ దొరికినప్పుడు జపించి అంకె పంపేవాళ్లకు ఆ నియమాన్ని సాగదీయవచ్చునో లేదో ధర్మశాస్త్రం తెలిసినవాళ్లు చెప్పాలి.